అమెరికాలో చదివే మా చెల్లిని ఏపీడా గ్రాడ్యుయేషన్‌కి రమ్మన్నారు, పట్టా అక్కడే ఇస్తారా?

ఇవ్వరు. మీ చెల్లికి యూనివర్సిటీ నుంచి వచ్చిన మెయిల్ వేరే వేడుకది. పట్టా ఇచ్చే కామెన్స్‌మెంట్‌కి సాధారణంగా కొన్ని రోజుల ముందు జరుగుతుంది. నల్లజాతి పిల్లలకు బ్లాక్ గ్రాడ్, లాటినోలకు రాసా గ్రాడ్ ఉన్నట్టే ఆసియా వాళ్లకు ఇది. ఏపీడా అంటే ఏషియన్ పసిఫిక్ ఐలాండర్ దేశీ అమెరికన్. అందులో 'డి' అంటే దేశీ, అంటే మనమే. తప్పకుండా వెళ్లమనండి. స్టేడియంలో అమ్మానాన్నలు ఎక్కడో పై వరుసలో కూర్చుంటారు. ఈ వేడుకలో కొన్నిచోట్ల వాళ్లనే స్టేజి మీదికి పిలిచి, బిడ్డ మెడలో స్టోల్, అంటే గౌను మీద రెండు వైపులా వేలాడే పట్టీ, వేయిస్తారు. అందుకే ఫ్లైట్ టికెట్ ఈ తేదీ చూసి కొనండి, కామెన్స్‌మెంట్ తేదీ చూసి కాదు.

స్టోల్ వాళ్లే ఇస్తారేమో ముందు అడగండి. సొంతది వేసుకోవచ్చంటే పోచంపల్లి ఇక్కత్ మీటరు చాలు. 6 అంగుళాల వెడల్పున పట్టీలు కోయించి, లోపల పల్చటి పేస్టింగ్ వేయించండి. మెడ వెనక అతుకు ఏటవాలుగా, 'వి' ఆకారంలో రావాలి. కండువాలా తిన్నగా ఉంటే మెడ దగ్గర ముడత పడుతుంది, పాలిస్టర్ గౌను మీద జారిపోతుంది కూడా. భుజాల దగ్గర లోపలి నుంచి రెండు పిన్నీసులు పెట్టాలి. మాస్టర్స్ అయితే ముందు స్టోల్, దాని మీద హుడ్ (మెడ నుంచి వీపు మీదికి వేలాడే గుడ్డ). రంగులు బాగున్నాయని కెంటే మాత్రం కొనొద్దు. అది ఘనా నేత, నల్లజాతి పిల్లలు తమ మూలాలకు గుర్తుగా వేసుకునేది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఉన్నట్టు రాసిస్తే ఇంటిపేరుతో పిలిచేస్తారు. 'స్వాతి'లో 'తి'కి మనం టీ, హెచ్, ఐ రాస్తాం, వాళ్లు దాన్ని 'థింక్'లో 'థి'లా పలుకుతారు. ఫారంలో వాయిస్ రికార్డింగ్ అడిగితే వదలొద్దు. లేకపోతే స్టేజి మీద పేర్లు చదివే వాళ్ల దగ్గరికి ముందే వెళ్లి రెండుసార్లు పలికించుకోమనండి.

అమ్మానాన్నలకు వీసా రాకపోతే స్టోల్ స్నేహితురాలితోనో ప్రొఫెసర్‌తోనో వేయించుకోవచ్చు. లైవ్ ఉంటే న్యూయార్క్ సాయంత్రం 6 అంటే మనకు తెల్లవారుజామున 3:30, తేదీ మారిపోతుంది.

ఇంకో మాట. జాతిని బట్టి వేరే గ్రాడ్యుయేషన్ వేడుకలు తగవంటూ 2025 ఫిబ్రవరి 14న అమెరికా విద్యాశాఖ రాసిన లేఖ తర్వాత కొన్ని కాలేజీలు ఈ వేడుకలకు డబ్బు ఆపేశాయి. కొన్నిచోట్ల పూర్వ విద్యార్థులే క్యాంపస్ బయట నడిపారు. నిరుటి హాలే అనుకోకుండా, ఎవరు నడుపుతున్నారో, ఎక్కడో మెయిల్‌లో చూసుకోండి.