అమ్మ గదికి డిస్క్ ప్లేయర్ ఉన్న టీవీ కొనొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు పద్యనాటకాలు వేసేవారు. ఆయన పోయాక అమ్మ అమలాపురంలో తమ్ముడి దగ్గర ఉంటోంది. నాన్న నాటకాల వీడియోలు, మా పెళ్లిళ్ల వీడియోలు ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయి. కొన్ని వీసీడీలు, ఎక్కువ డీవీడీలు. పాత ప్లేయర్ పాడైంది. హాల్లో స్మార్ట్ టీవీ ఉన్నా అమ్మ దాని జోలికి పోదు. ఆవిడ గదిలో మంచానికి ఎదురుగా చిన్న టీవీ పెట్టాలని మా ఆలోచన. ఒక్క రిమోట్, ఒక్క ప్లగ్గు ఉంటే తనంతట తనే చూసుకుంటుంది. ఇంగ్లండ్‌లో ఉన్న అన్నయ్య, అక్కడ డిస్క్ ప్లేయర్ లోపలే ఉన్న 22 అంగుళాల టీవీలు దొరుకుతాయి, వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దనండి. ఇక్కడే 24 అంగుళాల మామూలు టీవీ ఒకటి, విడిగా డీవీడీ ప్లేయర్ ఒకటి కొనండి. అయితే ఈ రెండిటికంటే ముందు చేయాల్సిన పని ఆ సూట్‌కేసులో ఉంది. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

మీ అన్నయ్యగారు చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి టీవీలు వంటింట్లోకి, పడకగదిలోకి, కారు వెనక తగిలించుకుని వెళ్లే కారవాన్లలోకి కొనుక్కుంటారు. 12 వోల్టుల మీద నడిచేవి కూడా ఉంటాయి. కరెంటు ఇబ్బంది ఏమీ లేదు. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే. మన వీడియోలకు వాడిన పాల్ అనే టీవీ బొమ్మ పద్ధతి అక్కడా నడిచిందే. ప్లగ్గు మాత్రం మూడు చదరపు పిన్నులది, దానికి అడాప్టర్ పెట్టుకోవాలి. షాపులో కొన్న సినిమా డిస్కుల్లో కొన్నిటికి రీజియన్ తేడా, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబరు తేడా, వస్తుంది. మనది 5, వాళ్లది 2. స్టూడియోవాళ్లు రాసిచ్చిన పెళ్లి డిస్కులకు ఆ గొడవ లేదు. వీసీడీ సంగతి మాత్రం అనుమానమే. అక్కడి జనం వాటిని పెద్దగా వాడలేదు, అందుకని వీసీడీ ఆడుతుందని మాన్యువల్లో రాసి ఉంటే తప్ప నమ్మడానికి లేదు. పైగా కస్టమ్స్ ఒకటి. విదేశాల నుంచి వచ్చేవాళ్లు తెచ్చుకునే ఫ్లాట్ టీవీలకు ఉన్న సుంకం మినహాయింపును 2013 ఆగస్టులో తీసేశారు. ఎవరైనా తేదలచుకుంటే ఇప్పటి రేటు ముందే కనుక్కోవాలి.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు. నేను వద్దనడానికి అసలు కారణం రిపేరు.

టీవీలో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. ప్లేయర్‌లో డిస్కును తిప్పే మోటారు, దాని కింద అటూ ఇటూ జరిగే లెన్సు, డిస్కును లోపలికి లాక్కునే పళ్లచక్రాలు ఉంటాయి. దుమ్ము పట్టేదీ, అరిగేదీ ఇక్కడే. కోనసీమ గాలిలో తేమ కూడా ఎక్కువ. తెర ఇంకా కొత్తగా ఉండగానే ‘నో డిస్క్’ అని చూపించడం మొదలవుతుంది. విడి ప్లేయర్ అయితే పైమూత స్క్రూలు విప్పగానే లెన్సు కనిపిస్తుంది. మెకానిక్ తుడిచి ఇచ్చేస్తాడు, లేదా లెన్సు మారుస్తాడు. టీవీలోనే ప్లేయర్ ఉంటే గోడ మీద నుంచి దించి, వెనక డొప్ప మొత్తం విప్పితే గానీ దాని దగ్గరికి చెయ్యి పోదు. సరిపోయే లెన్సు మన ఊళ్లలో దొరకడమూ కష్టమే.

ఈ టీవీల్లో చాలావాటికి ట్రే ఉండదు, పక్కన సన్నటి చీలిక ఉంటుంది. డిస్కు లోపల ఉండగా కరెంటు పోతే బయటికి రాదు, దాన్ని నెట్టాల్సిన మోటారుకు కూడా కరెంటే కావాలి. ఇరుక్కున్న పెళ్లి డిస్కు కోసం టీవీ మొత్తం షాపుకి మోసుకొచ్చినవాళ్లను చూశాను. ఈ రిపేరు పనిలో ఇన్నేళ్లు ఉన్నాక చెబుతున్నాను, మీ నాన్నగారి డిస్కును అలాంటి చీలికలోకి తొయ్యాలంటే నాకు మనసొప్పదు.

సైజు మీరు సరిగ్గానే అనుకున్నారు. వీసీడీలో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు చుక్కలే. డీవీడీలో 720, 576. అదే బొమ్మ 43 అంగుళాల తెరమీద గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. 24 అంగుళాల తెరమీద, మంచం మీద నుంచి అయిదారు అడుగుల దూరంలో చూస్తే శుభ్రంగా ఉంటుంది. ధరలో పెద్ద తేడా లేదు, 32 తీసుకోండని షాపులో అంటారు. గది చిన్నదైతే వినకండి. ఫోర్ కే, ఆండ్రాయిడ్ లాంటివి ఈ డిస్కులకు అక్కరకు రావు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. పాత వీడియోలు ఎక్కువగా నాలుగుకి మూడు కొలతలో తీసినవి, ఇప్పటి తెరలు పదహారుకి తొమ్మిది. టీవీ దానంతట అదే బొమ్మను పక్కలకు లాగి తెరంతా నింపేస్తుంది. అప్పుడు ముఖాలు వెడల్పుగా, మనుషులు పొట్టిగా కనిపిస్తారు. కిరీటం పెట్టుకుని నిలబడ్డ మీ నాన్నగారు అలా సాగిపోయి కనబడకూడదు. టీవీ రిమోట్‌లో ‘పిక్చర్ సైజ్’ లేదా ‘ఆస్పెక్ట్’ అని ఉంటుంది, దాన్ని 4:3 చేయండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి, మనిషి మనిషిలా కనిపిస్తాడు. పట్టీలు వస్తున్నాయని ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ మార్చేస్తారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

షాపుకి వెళ్లేటప్పుడు బాగా గీతలు పడిన డిస్కు ఒకటి, వీసీడీ ఒకటి పట్టుకెళ్లండి. పెళ్లి డిస్కయితే మేలు, నాటకానిది వద్దు. ప్లేయర్‌లో పెట్టి మొదటి అయిదు నిమిషాలు చూసి సరే అనకండి. డిస్కు మధ్య నుంచి అంచు వైపు చదువుకుంటూ పోతుంది, అందుకే నిండా రాసిన డిస్కుల్లో తడబాటు ఎక్కువగా ఆఖర్లోనే కనిపిస్తుంది. ముందుకు జరిపి అప్పగింతల దగ్గర చూడండి. బొమ్మ ఆగకుండా, మాట తెగకుండా వస్తే ప్లేయర్ మంచిది.

టీవీ వెనక హెచ్‌డీఎమ్ఐ పోర్టు, అంటే బొమ్మ, మాట ఒకే వైరులో వచ్చే చోటు, ఉంటే ప్లేయర్‌ను దానికి తగిలించుకోవచ్చు. హెచ్‌డీఎమ్ఐ లేని ప్లేయర్ అయితే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత ఏవీ వైరుకు చోటుందో లేదో చూడండి. కొన్ని కొత్త టీవీల్లో ఆ మూడిటికి బదులు ఒకటే చిన్న రంధ్రం ఉంటుంది, దానికి తగిన వైరు పెట్టెలో వచ్చిందా అని అక్కడే అడగండి. చిన్న టీవీల స్పీకర్లు వెనక్కి తిరిగి ఉంటాయి. పద్యం ఎత్తుకుని రాగం తీసే దగ్గర అవి కీచుమంటాయి. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే చిన్న స్పీకరు తగిలించి మంచం పక్కన పెట్టండి. వినికిడి కాస్త తగ్గిన పెద్దవాళ్లకు సౌండు దగ్గర నుంచి వస్తేనే మాట తెలుస్తుంది.

ఒక్క రిమోట్ కోరిక నాకు అర్థమైంది. ఈ గది టీవీకి ప్లేయర్ ఒక్కటే తగిలించి, కేబుల్ కనెక్షన్ ఇవ్వకండి. చాలా మామూలు టీవీలు ఆన్ చేయగానే చివరిసారి చూసిన సోర్సులోనే, అంటే ప్లేయర్ తగిలించిన పోర్టులోనే, తెరుచుకుంటాయి. కొనేటప్పుడు ఆపి, మళ్లీ వేసి చూడండి. అలా తెరుచుకుంటే టీవీ రిమోట్‌తో పవర్ నొక్కడం తప్ప అమ్మగారికి పనుండదు. ప్లేయర్ రిమోట్‌లో ప్లే, స్టాప్, ఓపెన్ మీటలు వదిలేసి మిగతావాటి మీద టేపు అంటించండి. ప్లే మీట మీద ఎర్ర బొట్టుబిళ్ల పెడితే కళ్లజోడు లేకపోయినా దొరుకుతుంది.

ఇక సూట్‌కేసు. కంపెనీవాళ్లు అచ్చొత్తిన సినిమా డిస్కు, స్టూడియోవాళ్లు కంప్యూటర్లో రాసిచ్చిన డిస్కు ఒకటి కావు. అచ్చొత్తినదానిలో గుర్తులు ప్లాస్టిక్‌లోనే గుంటలుగా ఉంటాయి. రాసినదానిలో సన్నని రంగు పొర ఉంటుంది, లేజరు ఆ పొర మీద గుర్తులు పెడుతుంది. ఎండకు, వేడికి, తేమకు ఆ రంగు చెడుతుంది. రాసిన డీవీడీని తిప్పి చూస్తే ఊదా ఛాయ కనబడుతుంది, మీ నాటకాలు ఎక్కువగా అలాంటివే అయి ఉంటాయి. వీసీడీలతో ఇంకో ప్రమాదం. వాటి పొర పైన, బొమ్మో పేరో ఉన్న వైపే, పలుచటి పూత కింద ఉంటుంది. అంటించిన కాగితం పీకితే దానితోపాటు వీడియో కూడా ఊడొస్తుంది. కాబట్టి స్టిక్కర్ల జోలికి పోకండి. తుడవాల్సి వస్తే మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు.

టీవీ కొనడానికి ముందే ఈ డిస్కులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించండి. వీసీడీని తెరిస్తే ‘ఎంపెగ్‌ఏవీ’ అనే ఫోల్డరు, డీవీడీలో ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డరు కనిపిస్తాయి. ముందు ఆ ఫోల్డర్లను ఉన్నవున్నట్టుగా ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేయండి. హార్డ్ డిస్కు ఒకటి మీ దగ్గర, ఒకటి అన్నయ్యగారి దగ్గర ఉండాలి. నాటకాలతో మొదలుపెట్టండి. పెళ్లి వీడియోలు వియ్యాలవారింట్లోనో బంధువుల ఇంట్లోనో ఇంకో కాపీ ఉంటాయి. నాటకాలు మీ దగ్గర తప్ప ఉన్నాయో లేదో.

ఏదైనా డిస్కు ఒక ప్లేయర్‌లో ఆడకపోతే పారేయకండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవడం మా పనిలో రోజూ చూసేదే.

ప్రశ్న: మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి డాలస్ వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. వాళ్ల కోసం ఇక్కడ డీవీడీ ఉన్న చిన్న టీవీ కొన్నాం. ఇండియా నుంచి తెచ్చుకున్న డిస్కులు పెడితే బొమ్మ రావడం లేదు. టీవీ మార్చాలా?

జవాబు: టీవీలో లోపం ఉండకపోవచ్చు. అమెరికా టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి చేసినవి, మన డిస్కులు ఎక్కువగా పాల్‌లో రాసినవి. అక్కడి ప్లేయర్లు చాలా మటుకు పాల్‌ను ఆడించవు. సినిమా డిస్కులయితే రీజియన్ కూడా అడ్డొస్తుంది, మీది 1. టీవీ వెనక్కి ఇవ్వకండి. ‘మల్టీ రీజియన్, పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చేది’ అని స్పష్టంగా రాసి ఉన్న విడి ప్లేయర్ కొని, హెచ్‌డీఎమ్ఐతో ఆ టీవీకే తగిలించండి. వేరే డబ్బు పెట్టకముందు, ఇంట్లో ఎవరి దగ్గరైనా యూఎస్‌బీ డీవీడీ డ్రైవు ఉంటే ల్యాప్‌టాప్‌కి పెట్టి వీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక పెళ్లి డిస్కు వేసి చూడండి. కంప్యూటర్‌కు పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా లేదు. అక్కడ ఆడిందంటే డిస్కు బాగున్నట్టే.