నర్సింగ్‌హోం ఫైర్ అలారం ప్యానెల్‌కి 7 ఏహెచ్ బ్యాటరీలు చాలుతాయా?

ఒంగోల్లో మీ నాలుగంతస్తుల నర్సింగ్‌హోం ప్యానెల్లో 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) బ్యాటరీలు రెండూ పోయాయి, మళ్లీ అవే వేయించాలా, పెద్దవి కావాలా అని అడిగారు. పాత సైజు చూసి తెప్పించుకోవద్దండీ. నెల్లూరు, కావలి, ఒంగోలు సైడు నేను చేసేది ఈ ప్యానెళ్ల పనే. చాలాచోట్ల మొదట పెట్టిన 7 ఏహెచ్ అట్లాగే ఉంటుంది, తర్వాత రిపీటర్ ప్యానెల్ (మెయిన్ ప్యానెల్లో ఉన్నదే ఇంకోచోట చూపించేది), జీఎస్ఎం డయలర్ (అలారం వస్తే ఫోన్ చేసేది), మ్యాగ్నెట్ డోర్ హోల్డర్లు (తలుపుల్ని తెరిచి పట్టి ఉంచే అయస్కాంతాలు) ఒక్కోటీ దాని మీదే ఎక్కుతుంటాయి.

రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి వోల్టేజీ 24 అవుతుంది గానీ కెపాసిటీ 7 ఏహెచ్చే, 14 కాదు.

నేను పట్టుకునే లెక్క: కరెంటు పోయాక ప్యానెల్ 24 గంటలు పనిచేయాలి, ఆ తర్వాత కూడా హూటర్లు 30 నిమిషాలు మోగాలి. అమెరికా వాళ్ల ఫైర్ అలారం కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72లో మామూలు హూటర్లకు ఆ మోత 5 నిమిషాలే. మీ డిజైన్ కాగితాల్లో ఇంకా ఎక్కువ రాసుంటే అదే లెక్క.

పోయిన వాటి బదులు మంచి బ్యాటరీలు తాత్కాలికంగా పెట్టించి, మెయిన్ ఆపించి, బ్యాటరీ వైరు ఒకటి విప్పి మధ్యలో మీటరు పెట్టి ఆంప్స్ చూడమనండి. ముందుగా నర్సులకి, వాచ్‌మన్‌కి చెప్పండి, పేషెంట్లు బెదిరిపోతారు. మామూలుగా ఉన్నప్పుడు 0.28 ఆంప్స్, అలారంలో 1 ఆంప్ వచ్చిందనుకోండి. 0.28ని 24తో గుణిస్తే 6.72. 1ని అరగంటకి వేస్తే 0.5. మొత్తం 7.22. వయసు మీద పడ్డాక తగ్గే కెపాసిటీకి 1.25తో గుణిస్తే 9 దాటుతుంది. అంటే 12 ఏహెచ్ వేయాల్సిందే. హూటర్లు ఎన్నున్నాయని అందరూ కంగారు పడతారు గానీ, బ్యాటరీని తినేసేది రాత్రింబవళ్లు నిశ్శబ్దంగా లాగే ఆ చిన్న కరెంటే.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ ఈ సీల్డ్ బ్యాటరీల ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. పడమటి గోడకి, మెట్ల కింద గాలాడని చోట ప్యానెల్ ఉంటే 1.25 కూడా సరిపోదని నా అభిప్రాయం, ఇంకో సైజు పైకి వెళ్లండి. కాకపోతే ఆ ప్యానెల్ ఛార్జర్ ఎంత ఏహెచ్ వరకు ఛార్జ్ చేయగలదో మాన్యువల్లో చూశాకే.

జనరేటర్ ఉందిగా అంటారు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానప్పుడు కావలి వైపు ఒక ఆసుపత్రిలో జనరేటరున్న సెల్లార్‌లోకే నీళ్లొచ్చాయి. రాత్రికి ప్యానెల్ కూడా ఆరిపోయింది, పైన ఐసీయూలో మనుషులున్నారు. అందుకే జనరేటర్ని చూపించి ఒక్క గంట కూడా తగ్గించను.

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ గానీ, కారు బ్యాటరీ గానీ పెడతామంటే ఒప్పుకోవద్దు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి, కొత్తవే వేయించండి, ఒకటి పాతదుంటే కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. మీ రెండు రీడింగులు, ప్యానెల్ మోడల్ ఇక్కడ రాయండి, లెక్క వేసి చెప్తాను.