గూఢచర్యం, రహస్య చర్య ఒకటేనా?

ఒక ప్రభుత్వం పరాయి దేశపు వ్యవహారాలను చాటుగా మలుపు తిప్పడం కూడా గూఢచర్యమే కదా అని నల్లగొండలో పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక విద్యార్థి అడిగారు. కాదు. గూఢచారి సమాచారం రాబడతాడు. రహస్య చర్య సంఘటననే మారుస్తుంది, అదీ చేయించిన ప్రభుత్వం ‘మాకేం సంబంధం లేదు’ అని తప్పుకోగలిగేలా. పక్క ఊరి సర్పంచ్‌ను దించాలనుకున్నవాడు తాను గడప దాటకుండా, కిరాయి జనంతో పంచాయతీ ఆఫీసు ముందు ధర్నా చేయించడం లాంటిదన్నమాట.

ఉదాహరణకు, అప్పటిదాకా బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న చమురు పరిశ్రమను ఇరాన్ 1951లో జాతీయం చేయడం బ్రిటన్‌కు కంటగింపైంది. 1953 ఆగస్టులో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ, బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ6 కలిసి పత్రికల్లో రాతలు రాయించి, సైనికాధికారులను కూడగట్టి, డబ్బిచ్చి వీధుల్లోకి మూకలను దింపి ఇరాన్ ప్రధాని మొసద్దిక్‌ను కూల్చాయి. మొదటి ప్రయత్నం బెడిసికొట్టి కుట్రకు సరేనన్న ఇరాన్ రాజు షా బాగ్దాద్‌కు, అక్కడి నుంచి రోమ్‌కు పారిపోయారు కూడా; రోజుల వ్యవధిలోనే, ఆగస్టు 19న, పరిస్థితి తిరగబడింది. అయితే కేవలం డబ్బే ఈ పని చేసిందనుకోవడం పొరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే చమురు అమ్ముకోనివ్వని బ్రిటన్ బహిష్కరణతో ఇరాన్ ఖజానా అప్పటికే ఎండిపోయి, ప్రధాని మిత్రులే దూరమై ఉన్నారు. ఈ కుట్రలో తన పాత్రను స్పష్టంగా ఒప్పుకునే పత్రాలు సీఐఏ నుంచి వెలువడింది 2013లో.