మీ ప్రశ్న – మా సమాధానం: పాప ముఖం తిప్పేసుకుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు పక్కనే ఉన్న కోవూరు. మా పాప 31వ వారంలోనే, 1,400 గ్రాముల బరువుతో పుట్టింది. ఐదు వారాలు ఆసుపత్రిలో ఉంచి పంపేటప్పుడు, ఎదుగుదలలో వెనకబడే ప్రమాదం ఉంది కాబట్టి ఇంటి దగ్గర స్టిమ్యులేషన్ (స్పర్శ, చూపు, వినికిడి వంటి ఇంద్రియాలకు ప్రేరణ) ఇవ్వమన్నారు. ఇప్పుడు 5 నెలలు నిండాయి. మావారు లైట్లు వెలుగుతూ తిరిగే బొమ్మ, గిలక్కాయలు కొనుక్కొచ్చారు. రోజూ గంటసేపు ఫోనులో పాటలు పెట్టి, బొమ్మ తిప్పుతూ, ఒళ్లంతా నిమురుతున్నాం. పాప కాసేపు చూసి ముఖం తిప్పేసుకుంటుంది, వెక్కిళ్లు వస్తాయి, చివరికి ఏడుపు అందుకుంటుంది. బొమ్మ కోసం చెయ్యి చాపడం ఇంకా రాలేదు. మా అత్తగారేమో నూనె రాసి నీళ్లు పోసి, ఉయ్యాల్లో వేస్తే చాలంటారు. మేం ఎక్కడ పొరపాటు చేస్తున్నాం? — ఒక తల్లి, కోవూరు

జవాబు: ముందు వయసు లెక్క సరిచేసుకుందాం. మీ పాప 40 వారాలకు రావలసింది, 9 వారాలు ముందు వచ్చింది. ఆ 9 వారాలు తీసేస్తే ఎదుగుదల లెక్కలో ఆమెకు ఇప్పుడు దాదాపు 3 నెలలే. రెండేళ్లు నిండేవరకు ఇలాగే లెక్క వేయాలి. బొమ్మ కోసం చెయ్యి చాపడం సాధారణంగా నాలుగైదు నెలలకు వస్తుంది గనుక, దాని గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోనక్కర లేదు. మీ ముఖం చూసి నవ్వుతోందా, కదిలే వస్తువు వెంట కళ్లు తిప్పుతోందా, బోర్లా పడుకోబెడితే తల కాస్త ఎత్తుతోందా అన్నవి చూడండి.

ఇక అసలు విషయం. గర్భంలో శిశువుకు ముందుగా స్పర్శ తెలుస్తుంది, తర్వాత ఊగడం, వాసన, రుచి, ఆ తర్వాత వినికిడి. చూపు అన్నిటికంటే చివర పరిణతి చెందుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ వరస తారుమారవుతుంది: కళ్లు సిద్ధం కాకముందే దీపాల వెలుగు, చెవులు సిద్ధం కాకముందే యంత్రాల మోత మీద పడతాయి, తనకు బాగా అవసరమైన తల్లి ఒడి, ఒంటి వాసన, ఊగడం మాత్రం దూరమవుతాయి. ఆ లోటు పూరించడానికే ఈ ప్రేరణ ఇవ్వమంటారు. మీరు పెట్టిన లైట్ల బొమ్మ, ఫోను పాట ఆసుపత్రిలో ఇప్పటికే ఎక్కువైనదాన్ని మళ్లీ వడ్డిస్తున్నాయి. ఏడాది నిండని పిల్లలకు ఫోను, టీవీ తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ముఖం తిప్పుకోవడం, వెక్కిళ్లు, ఆవలింతలు, తుమ్ములు, వేళ్లు విప్పారి బిగుసుకోవడం, ఒంటి రంగు మచ్చలుగా మారడం — ఇవన్నీ మాటలు రాని బిడ్డ “ఇక చాలు” అని చెప్పే తీరు. చాలామంది ఇళ్లలో నేను చూసేదేమిటంటే, పాప ఇటు తిరగగానే గిలక్కాయ కూడా ఇటే వస్తుంది. అటు తిరిగితే అటు వెళుతుంది. పాపకు తప్పించుకునే దారే ఉండదు. అలాంటప్పుడు చేతులు ఆపి, మాట ఆపి, గుండెకు హత్తుకుని కూర్చోండి. ఒక నిమిషంలో తనే మీ వైపు తిరిగితే మళ్లీ మొదలుపెట్టండి, తిరగకపోతే ఆ పూటకు అంతే.

అమెరికాలో నర్సింగ్ పరిశోధకులు రూపొందించిన ఒక పద్ధతిలో మొత్తం సమయం 15 నిమిషాలే: మెత్తగా మాట్లాడుతూ, కళ్లలోకి చూస్తూ 10 నిమిషాలు ఒళ్లు నిమరడం, ఆపై 5 నిమిషాలు ఊపడం. గంటసేపు అక్కర లేదు. పాలు తాగిన వెంటనే కాకుండా, పాప మెలకువగా, ప్రశాంతంగా ఉన్న వేళ చూసుకోండి. వేలి కొసలతో గీరినట్టు కాకుండా అరచేయి కాస్త ఆనించి, నిదానంగా నిమరండి. తేలిక స్పర్శకు ఈ పిల్లలు చిరాకు పడతారు.

మీ అత్తగారి మాటలో చాలా నిజం ఉంది. కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద పాపను పడుకోబెట్టి, ఏదో పాడుతూ నూనె రాసే పెద్దావిడను ఒకసారి గమనించండి. పాప కళ్లు ఆవిడ నుదుటి బొట్టు మీద నిలుస్తాయి; దూరం జానెడు కంటే కాస్త ఎక్కువ, చిన్న పాపకు బాగా కనిపించే దూరం అదే. స్పర్శ, పాట, ముఖం, వాసన అన్నీ ఒకే మనిషి నుంచి, ఒకే లయలో అందుతాయి. ఏ దుకాణంలోనూ ఇంతకంటే మంచి పరికరం దొరకదు. అయితే చెవుల్లో, ముక్కులో నూనె పోయడం, కాళ్లూ చేతులూ గుంజడం, సాంబ్రాణి పొగ పట్టడం మానిపించండి. పొగ ఈ పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఒకటి మాత్రం ఆలస్యం చేయకండి. మీ పాప బరువుకు, వారాలకు కంటి రెటీనా (కంటి లోపలి వెనుక పొర) పరీక్ష పుట్టిన నెలలోపే జరగాలి, బేరా అనే వినికిడి పరీక్ష కూడా జరగాలి. డిశ్చార్జి కాగితాల్లో ఇవి లేకపోతే ఈ వారమే చేయించండి. చెవి వినకపోతే ఎన్ని పాటలు పాడినా ఏం లాభం?

ప్రశ్న: మాది పొదిలి. నెలలు నిండే పుట్టినా మా బాబు పుట్టగానే ఏడవలేదు. ఇప్పుడు 7 నెలలు. కుడి చేత్తోనే అన్నీ అందుకుంటాడు, ఎడమ పిడికిలి విప్పడు. రెండు నెలలుగా ఆ చేతిని బ్రష్షుతో, గరుకు బట్టతో రుద్దుతున్నాం. ఇంకొన్నాళ్లు చూడమంటారా? — ఒక తండ్రి, పొదిలి

జవాబు: చూడవద్దు. ఏడాదిలోపు పిల్లవాడు ఒక చేతినే వాడుతున్నాడంటే అది కుడిచేతి వాటం కాదు, రెండో చేతిలో ఇబ్బందికి గుర్తు. పిల్లల నరాల వైద్యుడికి వెంటనే చూపించండి. రుద్దితే చర్మానికి తెలుస్తుందే గానీ, కదలిక నేర్చుకోవాలంటే బాబు తనంతట తాను ప్రయత్నించాలి. ఒక చేత్తో పట్టలేని పెద్ద బంతి ఇవ్వండి, చప్పుడయ్యే చిన్న స్టీలు గిన్నె ఎడమవైపు పెట్టి ఆగండి, అన్నం ముద్ద వాసన కూడా అటువైపు నుంచే చూపించండి. కుడి చేతిని కాసేపు కట్టి ఉంచే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని థెరపిస్టు చెప్పకుండా మొదలుపెట్టకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద ఈ వైద్యం ఉచితం. ఎక్కడికి వెళ్లాలో మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. నిద్ర లేవగానే తల, చేతులు ముందుకు విసిరినట్టు వరసగా ఉలికిపాట్లు వస్తే మాత్రం, ఫోనులో వీడియో తీసుకుని ఆ రోజే ఆసుపత్రికి బయలుదేరండి.