తల్లిగడియారం, పిల్లగడియారాలు

సందేహం: పాత ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో వాడిన గడియారాలు సేకరిస్తుంటాను. వాటి వివరాలు తెలుగులో రాసుకుంటూ రెండు చోట్ల ఆగిపోయాను. మాస్టర్ క్లాక్, స్లేవ్ క్లాక్ అనేవాటిని 'యజమాని గడియారం', 'బానిస గడియారం' అనవచ్చా? ఫ్యాక్టరీలో హాజరు నమోదు చేసే బండీ గడియారం గురించి 'ప్రతి కార్మికుడూ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు గడియారానికి కీ ఇచ్చేవాడు' అని రాస్తే ఓ మిత్రుడు తప్పన్నాడు. ఏమిటా తప్పు?

సమాధానం: రెండోది ముందు చూద్దాం. మీ మిత్రుడి మాటే రైటు. తెలుగులో గడియారానికి 'కీ ఇవ్వడం' అంటే స్ప్రింగు బిగించడం. బండీ గడియారంలో కార్మికుడు చేసింది అది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో నగల వ్యాపారం చేసిన విలర్డ్ బండీ కనిపెట్టిన ఈ యంత్రానికి 1889లో కంపెనీ కూడా వెలిసింది. ఒక్కో కార్మికుడికి ఒక్కో నంబరున్న తాళంచెవి ఉండేది. దాన్ని పెట్టి తిప్పితే ఆ నంబరూ వేళా కాగితం పట్టీ మీద అచ్చుపడేవి. ఆ గడియారం నడవాలంటే విడిగా కీ ఇవ్వాల్సిందే! కాబట్టి 'తన తాళంచెవి పెట్టి తిప్పేవాడు' అని రాయండి. ఆస్ట్రేలియాలో హాజరు యంత్రం ఏదైనా ఇప్పటికీ 'బండీ'యే. మన బండికీ దానికీ చుట్టరికం లేదు.

ఇక మొదటిది. 'యజమాని గడియారం' అనగానే చదివేవాడికి ఓనరు గారి గోడ మీది గడియారం గుర్తొస్తుంది. తెలుగులో ఇలా రెండు నామవాచకాలు పక్కపక్కన పడితే మొదటిదానికి 'యొక్క' అర్థం దానంతటదే వచ్చేస్తుంది. 'బానిస గడియారం' కూడా అంతే, బానిస చేతికి పెట్టుకున్నదనిపిస్తుంది.

పేరు పెట్టేముందు వస్తువు వెనకవైపు చూడండి. స్లేవ్‌లో లోలకం ఉండదు, స్ప్రింగు ఉండదు. ఓ విద్యుదయస్కాంతం, ఓ పళ్ల చక్రం, అంతే. లోలకమున్న ఒకే ఒక్క గడియారం, అంటే మాస్టర్, తీగల గుండా అన్నింటికీ క్షణకాలం కరెంటు పంపుతుంది. సింక్రోనోమ్ వంటి బ్రిటిష్ ఏర్పాట్లలో ఇది అర నిమిషానికోసారి. అప్పుడు పళ్ల చక్రం ఒక్క పన్ను జరుగుతుంది, భవనంలో ఉన్న ముళ్లన్నీ ఒక్కసారిగా గెంతుతాయి. ('ముల్లు తిరుగుతుంది' అని కాకుండా 'గెంతుతుంది' అనే రాయండి, అక్కడ కనబడేది అదే.) తీగ తెంపి ఇంటికి తెచ్చుకుంటే అది ఉత్త ముఖమే.

తల్లివేరు, పిల్లవేళ్లు, పిల్లకాలువ: ఒకచోటి నుంచి అందుకుని నడిచేవాటికి మనకీ వరస ఉండనే ఉంది. తల్లిగడియారం, పిల్లగడియారం అనండి. ఇక్కడా 'యొక్క' అర్థం దూరకుండా 'తల్లికోడి' అన్న మాటలాగా కలిపి ఒకే మాటగా రాయండి. జర్మన్లు కూడా 'తల్లి గడియారం' అనే అర్థంలో ముట్టరూర్ అంటారు.

పిల్ల అంటే చిన్నదనుకోరా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే, ఫ్యాక్టరీలో వేలాడే పిల్ల చాలాసార్లు తల్లికన్నా పెద్ద ముఖంతో ఉంటుంది. కానీ గడియ అంటే 24 నిమిషాలు, గడియారం చూపేది 60 నిమిషాల గంట. ఎవరూ పేచీ పెట్టలేదు కదా. పేరు పక్కన ముఖం కొలత రాస్తే సరిపోతుంది.

ఈ పేరు అతకని గడియారం ఒకటుంది. 1921లో ఎడిన్‌బరో వేధశాలలో పెట్టిన, షార్ట్ అనే ఇంజనీరు పేరున్న గడియారం. అందులో స్లేవ్‌కు సొంత లోలకం ఉంది, చాకిరీ అంతా దానిదే. గాలి తీసేసిన గొట్టంలో రెండో లోలకం దాదాపు స్వేచ్ఛగా ఊగుతూ దాని తప్పు దిద్దుతుంది. అక్కడ 'స్వేచ్ఛా లోలకం', 'సేవక గడియారం' అంటే నయం.