టెక్ సందేహాలు: కలిపిన వరుసలు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి మిర్చి లెక్కల వెబ్‌పేజీ తయారు చేస్తున్నాను. బటన్ నొక్కితే కొత్త వరుస వస్తుంది. బస్తాలు, తూకం నింపి పంపగానే కలిపిన వరుసలన్నీ మాయం. ధరను మాత్రం కనిపించని గడిలో పెట్టాను. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇదే మొర మళ్లీ మళ్లీ వస్తోంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. బటన్ నొక్కిన ప్రతిసారీ సర్వర్ పేజీని మొదటి నుంచి కడుతుంది. మీరు కలిపిన వరుసల సంగతి దానికి ఎవరు చెప్పారు? వాటి జాబితాను సెషన్‌లో, అంటే ఒక్కొక్కరి కోసం సర్వర్ విడిగా ఉంచే లెక్కలో, దాచండి. వచ్చిన విలువలు చదవడానికి ముందే ఆ వరుసలను తిరిగి కట్టండి. ఆలస్యంగా కడితే విలువలు దిగడానికి చోటుండదు.

వరుసలకు 1, 2, 3 అని పేర్లు పెట్టి ఉంటారు. తేజ, చపాటా, వండర్ హాట్ అని మూడు మిర్చి రకాల వరుసలున్నాయనుకోండి. మధ్యలోని చపాటాను తీసేస్తే వండర్ హాట్ రెండోదవుతుంది, చపాటా తూకం దాని మీద పడుతుంది. రైతు చిట్టీ పట్టుకుని నిలదీస్తే జవాబు చెప్పాల్సింది గుమస్తా. ఒకసారి ఇచ్చిన గుర్తును, వరుస పోయినా, ఇంకో వరుసకు ఇవ్వవద్దు.

నన్ను అసలు కలవరపెట్టింది ఆ కనిపించని గడి. ఎఫ్12 నొక్కి పేజీ లోపలి కోడ్ చూడటం తెలిసిన వారికి అది బాగానే కనిపిస్తుంది. 18,000 ధరను 21,000గా దిద్ది పంపినా మీ సర్వర్ నమ్మేస్తుంది. వేలంలో ఖరారైన ధర సర్వర్‌లోనే ఉండాలి. బ్రౌజర్ నుంచి వరుస గుర్తు వస్తే చాలు, అదీ లాగిన్ అయిన మనిషిదేనా అని ప్రతిసారీ సరిచూడాలి. సెషన్ సంఖ్యను వెబ్ చిరునామాలో అసలే పెట్టకండి. ఆ లింకును వాట్సాప్‌లో పంపినవారు ఖాతా తాళంచెవి పంపినట్టే. దాన్ని కుకీలో, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీలో ఉంచి, లాగిన్ కాగానే కొత్త సంఖ్యకు మార్చండి.

మొన్న కాజీపేటలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి ఒక దరఖాస్తు నింపాను. ఫొటో స్కాన్ చేసేలోగా గడువు ముగిసిందంటూ అంతా తుడిచేసింది. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో సెషన్ గడువు మామూలుగా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఫారం ఎంత పొడవున్నా ఆ అంకెను ముట్టుకునే వారుండరు. మళ్లీ నింపి, లాగౌట్ చేసి, అనుమానంతో వెనక్కి బాణం నొక్కాను. నా ఆధార్ సంఖ్య తెర మీద అలాగే ఉంది. పేజీని దాచవద్దని బ్రౌజర్‌కు చెప్పే ఒక్క వాక్యం రాయడానికి ఎవరికీ తీరిక లేదు. ‘రోజూ ఉండేదే సార్’ అంటూ సెంటర్ కుర్రాడు నా తర్వాతి మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టాడు.