ఆల్బమ్ నల్లగా వస్తోంది, ఏ కాలిబ్రేటర్ కొనాలి?

ప్రశ్న: నమస్తే సార్, మాది తెనాలి దగ్గర. పెళ్ళిళ్ళు, హాఫ్ శారీ ఫంక్షన్లు తీస్తుంటా, ఎడిటింగ్ కూడా నేనే. స్క్రీన్ మీద అంతా బానే ఉంటది, ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక చూస్తే మొహాలు నల్లగా, చీర రంగు ఇంకోలా ఉంటున్నాయి, పెళ్ళివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు. నా దగ్గర ఒక ల్యాప్‌టాప్, దానికి పెట్టుకున్న 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ ఉన్నాయి. కాలిబ్రేటర్, అదే స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే పరికరం, కొందామంటే ఒకరు స్పైడర్ అంటారు, ఇంకొకరు కాలిబ్రైట్ అంటారు. తెలిసినాయన దగ్గర పాత స్పైడర్ 3 ఉంది, బాగా తక్కువకే ఇస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఆ స్పైడర్ 3 మాత్రం తీసుకోకండి, ముందు ఇది చెప్పేస్తున్నా. ఆ కాలం పరికరాల్లో సెన్సర్ ముందుండే రంగు ఫిల్టర్లు వయసుతో, తేమతో మారిపోతాయి. మారిపోయిన ఫిల్టర్‌తో కొలిస్తే మానిటర్ బాగున్నా బాలేదని చెప్తుంది, మీరేమో అది నిజమనుకుని ఆల్బమ్ మొత్తం ఇంకో పక్కకి లాగేస్తారు. అంతకన్నా ఏ కాలిబ్రేషనూ లేకపోవడమే నయం.

కొత్తది కొనే ముందు కూడా ఒక పని చేయండి, దీనికి రూపాయి ఖర్చు లేదు. మీరు చెప్పింది రెండు సమస్యలు, కలిపి చూస్తున్నారు. మొహాలు నల్లగా రావడం చాలావరకు బ్రైట్‌నెస్ గొడవ. మామూలు మానిటర్లు బాక్స్‌లోంచి తీసేటప్పటికే 250 నిట్స్ (స్క్రీన్ వెలుగుని కొలిచే లెక్క) చుట్టుపక్కల వెలుగుతుంటాయి, అంత వెలుగులో పెళ్ళికూతురి మొహం కాస్త ఎక్కువ తెల్లగా కనపడి మనకి తెలీకుండానే ఎక్స్‌పోజర్ తగ్గించేస్తాం. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా, అది గదిలో పడే వెలుతురునే తిరిగిస్తుంది, అందుకే ల్యాబ్ నుంచి వచ్చేసరికి నల్లగా ఉంటుంది. ఫోటో ఎడిటింగ్‌కి స్క్రీన్ 100 నుంచి 120 నిట్స్ మధ్య ఉంటే చాలు. పరికరం చేతికొచ్చేదాకా ఇలా చూసుకోండి: స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ ఒకటి తెరిచి, పక్కనే తెల్ల కాగితం పట్టుకుని, గదిలో మీరు రోజూ పని చేసే లైటే వేసి, రెండు తెలుపులూ ఇంచుమించు ఒకేలా అనిపించేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదట్లో స్క్రీన్ డల్‌గా ఉందనిపిస్తుంది, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది.

చీర రంగు మారడం మాత్రం కంటితో తేలేది కాదు, అక్కడే కాలిబ్రేటర్ కావాలి. మీకు కావాల్సింది కలరీమీటర్. స్క్రీన్‌కి ఆనించి పెడితే సాఫ్ట్‌వేర్ వరసగా రంగులు చూపిస్తుంటే అది కొలుస్తుంది, చివర్లో మీ మానిటర్‌కి ఒక ఐసీసీ ప్రొఫైల్ (అది రంగులు ఎలా చూపిస్తుందో రాసి ఉండే ఫైల్) తయారవుతుంది, ఫోటోషాప్, లైట్‌రూమ్ ఆ ప్రొఫైల్ చూసుకుని రంగు సరిచేసి చూపిస్తాయి. స్పెక్ట్రోఫోటోమీటర్ అని ఇంకోటుంది, అది కాగితం మీద రంగు కూడా కొలుస్తుంది గానీ చాలా ఖరీదు, సొంత ప్రింటర్ పెట్టుకుని పేపర్‌కి పేపర్‌కి ప్రొఫైల్ చేసుకునేవాళ్ళకే అది. మీరు ల్యాబ్‌కి ఇస్తున్నారు కాబట్టి దాని జోలికి పోవద్దు.

స్పైడరా కాలిబ్రైటా అంటే నా ఓటు కాలిబ్రైట్‌కే. ఇది కొత్త కంపెనీలా కనపడుతుంది గానీ ఇంతకుముందు ఎక్స్-రైట్ పేరుతో వచ్చిన ఫోటో పరికరాలే 2021 నుంచి ఈ పేరుతో వస్తున్నాయి. నాకు నచ్చే విషయం ఏంటంటే ఎక్స్-రైట్ పేరుతో వచ్చిన ఐ1డిస్‌ప్లే ప్రో కుటుంబంలో ప్రతి పరికరం తన సెన్సర్ ఏ రంగుకి ఎంత స్పందిస్తుందో ఆ లెక్క తనలోనే దాచుకుని ఉంటుంది, మానిటర్ బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే లైటు) ఏ రకమో మీరు చెప్తే సాఫ్ట్‌వేర్ ఆ రెండూ కలిపి కొలత సరిచేసుకుంటుంది. రేపు మీరు వైడ్ గామట్ (ఇంకా ఎక్కువ రంగులు చూపించే) మానిటర్‌కి మారినా పరికరం అదే పనికొస్తుంది. కాలిబ్రైట్‌లో డిస్‌ప్లే ఎస్ఎల్ మోడల్ మీకు సరిపోతుంది. ప్రో హెచ్ఎల్, ప్లస్ హెచ్ఎల్ అని పైవి ఉన్నాయి, అవి 3000, 10,000 నిట్స్ దాకా కొలుస్తాయి, హెచ్‌డీఆర్ (బాగా ఎక్కువ వెలుగు తేడాలు చూపించే) వీడియో చేసేవాళ్ళకి అవసరమే గానీ 120 నిట్స్ దగ్గర పని చేసే మీకు ఆ డబ్బు దండగ. సెకండ్ హ్యాండే కావాలంటే పాత ఐ1డిస్‌ప్లే ప్రో మంచి కండిషన్‌లో దొరికితే తీసుకోవచ్చు, దాని ఫిల్టర్లు అలా పాడయ్యే రకం కాదు. స్పైడర్ ఎక్స్, ఆ తర్వాత వచ్చిన ఎక్స్2 కూడా మంచివే, కొలత తొందరగా అయిపోతుంది, మీ ఊళ్ళో అదే చవగ్గా దొరికితే సంకోచించకండి. స్పైడర్‌లో ప్రో, ఎలైట్ అంటూ రేటు పెరిగేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వల్లే, ఆ పనికి డిస్‌ప్లేకాల్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, కాస్త ఓపిగ్గా నేర్చుకుంటే చాలా చేస్తుంది.

ల్యాప్‌టాప్ సంగతి. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల పరిధితో పోల్చే లెక్క) అని ఉంటే అది ఎస్ఆర్‌జీబీ (మామూలు ఫోటోలకీ స్క్రీన్లకీ వాడే ప్రామాణిక రంగుల పరిధి) రంగుల్లో మూడింట రెండొంతులు కూడా చూపించదు. కనకాంబరం రంగూ, ముదురు ఎరుపు పట్టూ, నలుగు పసుపూ దాని చేతిలో లేవు, లేని రంగుని ఏ కాలిబ్రేటరూ తేలేదు. రంగు పని మొత్తం ఆ ఐపీఎస్ మానిటర్ మీదే చేయండి, ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోల్డర్లకీ పాటలకీ వదిలేయండి.

కొలిచే రోజు మానిటర్‌ని అరగంట ముందే ఆన్ చేసి ఉంచండి. నైట్ లైట్, డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్ అన్నీ ఆపేయండి. కిటికీ ఎండ స్క్రీన్ మీద పడకూడదు. మానిటర్‌ని కొంచెం వెనక్కి వంచితే సెన్సర్ సందు లేకుండా ఆనుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సిన టార్గెట్: తెలుపు 6500 కెల్విన్, గామా (నలుపుకీ తెలుపుకీ మధ్య ఛాయలు ఎంత వెలుగుతో కనపడాలో చెప్పే లెక్క) 2.2, వెలుగు 120 నిట్స్. అయిపోయాక స్క్రీన్ పసుపుగా కనిపిస్తుంది, కంగారుపడి వెనక్కి మార్చేస్తారు చాలామంది, మార్చకండి, ఇన్నాళ్ళూ నీలం తెలుపుకి అలవాటుపడిన కళ్ళకి అలా అనిపిస్తుంది. నెలకోసారి మళ్ళీ కొలవండి.

ఇంకొకటి, ఫోటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్ (ఫోటోని ఏ రంగుల పరిధిలో ఎడిట్ చేయాలో చెప్పే చోటు) దగ్గర ఇప్పుడు తయారైన మానిటర్ ప్రొఫైల్‌ని ఎంచుకోకండి, అక్కడ ఎస్ఆర్‌జీబీయే ఉండాలి. ల్యాబ్ ప్రత్యేకంగా అడగకపోతే ఫైల్ కూడా ఎస్ఆర్‌జీబీలోనే ఇవ్వండి. ఆల్బమ్ మొత్తం వేయించే ముందు చామనఛాయ మొహం, తెల్ల పంచె, ఎర్ర చీర మూడూ ఉన్న ఒకే ఫోటో ప్రింట్ తీయించండి, కరెక్షన్ వద్దని కౌంటర్‌లో గట్టిగా చెప్పండి, లేకపోతే ఆపరేటర్ తన అలవాటు కొద్దీ సరిచేసేస్తాడు, అప్పుడు తప్పు మీ మానిటర్‌దో వాళ్ళదో తేలదు. ప్రింట్‌ని పగటి వెలుగులో చూడండి, పసుపు బల్బు కింద వద్దు.

ప్రశ్న: ఫోన్ కెమెరాతో మానిటర్ కాలిబ్రేట్ చేసే యాప్‌లు పనికొస్తాయా? — ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు ప్రింట్ కోసం చేస్తుంటే పనికిరావమ్మా. ఫోన్ కెమెరా తన వైట్ బ్యాలెన్స్ తనే మార్చేసుకుంటుంది, ప్రాసెసింగ్ కూడా ఫోన్‌కో రకంగా ఉంటుంది. డబ్బులు లేకపోతే విండోస్‌లోనే డిస్‌ప్లే కలర్ కాలిబ్రేషన్ అని ఉంది, గామా, బ్రైట్‌నెస్ వరకు కంటితో సరిచేసుకోవచ్చు, కొంత నయం. లేదంటే ఫోటోగ్రఫీ చేసే ఫ్రెండ్స్ నలుగురు కలిసి ఒక కలరీమీటర్ కొనుక్కోండి, నెలకోసారేగా పని, డిస్‌ప్లేకాల్‌తో అయితే ఒకే పరికరంతో నలుగురి మానిటర్లూ కొలుచుకోవచ్చు.